గొళ్లేనికి వేలాడుతున్న డస్టర్

మా అమ్మ గొంతు పద్మారావు నగర్‌లో మా సందు చివరిదాకా వినబడుతుంది. ఫోన్‌లోనైతే ఇంకా గట్టిగా మాట్లాడుతుంది, అవతలి మనిషి దూరంగా ఉంటారు కాబట్టి. అలాంటి అమ్మ మొన్న మంగళవారం సాయంత్రం నేను బేగంపేటలో ఆఫీసులో ఉండగా ఫోన్ చేసి చాలా మెల్లగా మాట్లాడింది. "బిడ్డా, జెర ఇంటికి రా. పైనింటి టీచరమ్మ మనల్ని ఇడిసిపెట్టి పోయింది" అంది. ఎట్లా అని అడిగితే, "క్లాసులనే" అని ఫోన్ పెట్టేసింది. మెట్రోలో సీట్లు ఖాళీగా ఉన్నా ఇంటిదాకా నిలబడే వచ్చాను. ఎందుకు కూర్చోలేదో నాకే తెలియదు.

ఆమె మా పైనింటి మనిషి కాకముందు నాకు లెక్కల టీచర్. మారేడ్‌పల్లిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చెప్పేవారు. నేను వెనక బెంచీ. నాకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుందన్న సంగతి ఆమె ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు, చివరిదాకా "ఏమ్మా వెనక బెంచీ" అనే పిలిచారు. ఆఫీసులో టీమ్ లీడ్ అయ్యానని స్వీట్లు పట్టుకుని పైకి వెళితే, అంకుల్‌ని కేకేసి, "ఏవండీ, మన వెనక బెంచీ ఇక మనుషుల మీద పెత్తనం చేస్తుందంట. పాపం, ఎవరి బిడ్డలో" అన్నారు. అన్నాక నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన వాళ్ల కోసమా నా కోసమా అని నేను అడగలేదు.

వాళ్లది గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. అంకుల్ రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పిల్లలు లేరు. మా పై వాటా ఖాళీ అయినప్పుడు అమ్మే స్కూలుకు వెళ్లి, "టీచరమ్మా, మా ఇంట్ల ఉండుర్రి. నా బిడ్డకు భయమన్నా ఉంటది" అని అడిగి తీసుకొచ్చింది. భయం సంగతి సరే, ఆమె వచ్చాక మా ఇంట్లో అందరికీ అన్నం వేళకు తినడం అలవాటైంది. పై నుంచి తొంగి చూసి "తిన్నారా?" అని అడిగేవారు మరి.

టీచర్ క్లాసులో కుర్చీలో కూర్చోగా నేను ఒక్కరోజూ చూడలేదు. బెంచీల మధ్య తిరుగుతూ చెప్పేవారు. బోర్డు దగ్గర మొదలుపెట్టిన వాక్యం మా వెనక బెంచీ దగ్గరికొచ్చి పూర్తయ్యేది. "వెనక బెంచీకి వినబడితేనే చెప్పినట్టు" అనేవారు. నడుస్తూ నడుస్తూ ఎవరి నుదుటి మీదో చెయ్యి వేసి, "జ్వరంతో వచ్చావేంట్రా, ఇంటికెళ్లు" అనేవారు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన పిల్లని ముఖం చూసి పట్టేసేవారు. ఆమెది ఎడమచేతి వాటం. ఎడమచేతిలో చాక్‌పీసు, కుడిచేతిలో డస్టర్. ఆ డస్టర్ కూడా స్కూలువాళ్లు ఇచ్చింది కాదు. అంకుల్ పాత లుంగీని మడతలు మడతలుగా పెట్టి, అంచులకు నీలం దారంతో కుట్టుకున్నది. తప్పు లెక్కను తుడిచేటప్పుడు ఎప్పుడూ విసురుగా తుడవరు, చిన్నపిల్లాడి మూతి తుడిచినట్టు తుడుస్తారు. "తప్పు చేసినవాడే లెక్క చేసినవాడు. చెయ్యనివాడికి తప్పెక్కడిది?" అనేవారు. ఆ ఒక్క మాట మీద నేను పదో తరగతి గట్టెక్కాను.

కరోనాకు బడులన్నీ మూతబడ్డ ఆ రోజుల్లో ఆమె కూడా అందరిలాగే ఫోన్‌లో పాఠాలు చెప్పారు. బడులు మళ్లీ తెరిచారు గానీ ఆ చిన్న స్కూలు తేరుకోలేదు, మూసేశారు. ఆఖరి రోజు ఆమె ఇంటికి తెచ్చుకున్నది ఆ డస్టర్ ఒక్కటే. తర్వాత ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీలో చేరారు. ఇంట్లో కూర్చునే పని, బస్సు ఎక్కే పని లేదు, ఎండా వానా లేవు. మేమంతా సంతోషపడ్డాం. ఈ వయసులో ఇంతకంటే సుఖం ఏముంటుందని చుట్టుపక్కలవాళ్లు అన్నారు, నేనూ అన్నాను. సుఖం అంటే కదలకుండా కూర్చోవడమని మనకెవరు చెప్పారో.

చిన్న గదిలో బల్ల, లాప్‌టాప్, ముఖం మీద పడే లైటు, పెన్నుతో రాస్తే తెర మీద కనబడే ఒక నల్ల పలక. చెవులకు హెడ్‌సెట్. బయట గొళ్లేనికి ఆ డస్టర్ తగిలించి, లోపలికెళ్లి తలుపు మూసుకునేవారు. డస్టర్ ఉందంటే క్లాసు నడుస్తోందని గుర్తు. చప్పుడు చెయ్యకూడదు, తలుపు తట్టకూడదు. క్లాసులో వెనక నుంచి ఇంటి శబ్దాలు వస్తే కంపెనీవాళ్లు రాసుకుంటారట. అంకుల్ ఆ డస్టర్‌ను సిగ్నల్ దీపంలా పాటించారు, రైల్వే మనిషి కదా. కుర్చీ జరపాలన్నా ఈడ్చేవారు కాదు, రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టేవారు. కుక్కర్ కూతలు మాన్పించి గిన్నెలో అన్నం వండడం నేర్చుకున్నారు. సాయంత్రం టీ పెట్టి, కప్పు మీద సాసర్ మూతేసి, ఆ తలుపు ముందు కుర్చీలో కూర్చునేవారు. ఆమె తలుపు తీసి డస్టర్ భుజాన వేసుకున్నాక సాసర్ తీసి కప్పు అందించేవారు. పెళ్లయి అన్నేళ్లయినా ఆయన ముఖంలో ఆ క్షణాన కొత్త పెళ్లికొడుకు కనబడేవాడు.

డస్టర్‌కు లొంగనిది మా అమ్మ ఒక్కతే. కింద నుంచి కూరగాయల బండిని ఆపిందంటే పైన త్రిభుజాలు వణికేవి. పిల్లలు "మేడమ్, ఆ ఆంటీ ఈరోజు ఏం కొంటోంది?" అని అడిగేవారట. టీచర్ నవ్వుతూ చెప్పేవారు ఈ సంగతి.

మొదట్లో ఆమె రోజూ ఇస్త్రీ చీర కట్టుకుని, కుచ్చిళ్లు సర్ది, చెప్పులు కూడా తొడుక్కుని ఆ బల్ల ముందు కూర్చునేవారు. "నడుం దాకే కదా టీచర్ కనబడేది" అన్నాను ఒకసారి. "పిల్లలకి కనబడదు. నేను బడికి వచ్చానని నాకు తెలియొద్దూ?" అన్నారు. ఆమెను బాధపెట్టింది వేరే. పిల్లలు డేటా అయిపోతుందని కెమెరాలు ఆపేసేవారు. తెర మీద గుండ్రాలు, గుండ్రాల్లో ఒక్కో అక్షరం. "వెనక బెంచీ ఎక్కడుందో తెలియడం లేదమ్మా. ఎవరికి జ్వరమో, ఎవరు తినలేదో ఎలా తెలుస్తుంది నాకు?" అన్నారు ఒకరోజు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. క్లాసు మొదట్లో అందరూ ఒక్క నిమిషం కెమెరా పెట్టి ముఖం చూపించాలి. "హాజరు కాదురా, మొహం కావాలి నాకు" అనేవారు. ఒక్కొక్కరినీ చూసి "తిన్నావా?" అని అడిగేవారు. కంపెనీలో క్లాసులు వినే పెద్ద మేడమ్ ఎవరో దానికి ఒక మెయిల్ పంపింది. పాఠానికి సంబంధం లేని మాటలు తగ్గించాలని, చిరునవ్వు ఇంకాస్త పెంచాలని. టీచర్ అది నాకు చూపించి, "చిరునవ్వుకు కూడా కొలత ఉందా తల్లీ? ఏ యూనిట్‌లో కొలుస్తారో?" అన్నారు. "తిన్నావా" మాత్రం మానలేదు.

తెర మీద తాను కనబడే కెమెరా గడిలో నుంచి ముఖం పక్కకు తప్పుకుంటే తెర చుట్టూ ఎర్రగీత వచ్చేది. అది పిల్లలకు కనబడదు, ఆమెకే కనబడుతుంది. గీతలు ఎక్కువైతే కంపెనీ ఇచ్చే స్టార్లు తగ్గుతాయి, స్టార్లు తగ్గితే ఆ పిల్లల్ని ఇంకెవరికో ఇచ్చేస్తారు. జీవితమంతా నడుస్తూ చెప్పిన మనిషి, ముఖం కదలకుండా గడిలో పెట్టుకుని మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కూర్చోవడం నేర్చుకున్నారు. క్లాసుకూ క్లాసుకూ మధ్య లేచి వెళ్లొచ్చేంత సందు ఉండేది కాదు. అందుకని నీళ్లు తాగడం మానేశారు. ఆ సంగతి పట్టుకున్నది అమ్మే.

"ఏంది టీచరమ్మా, బాటిల్ ఎట్ల నింపింది అట్లనే ఉంది? నీళ్లు తాగకుంటే పానం ఏం గావాలె?"

"తాగితే లేవాలి వదినా. లేస్తే ఎర్రగీత."

"ఆ గీత మీద మన్ను వొయ్య. మనిషివా, మిషన్‌వా? ఇంత తక్లీఫ్ ఎవలి కోసం?"

టీచర్ మా అమ్మ చేతిలోని గ్లాసు తీసుకుని రెండు గుక్కలు తాగారు, అమ్మ తృప్తి కోసం.

కొన్నాళ్లకు బల్ల కింద చెప్పులు ఖాళీగా కనబడ్డాయి. పాదాలు వాచి అందులో పట్టడం లేదు. అంకుల్ పాత స్లిప్పర్లు వేసుకుని తిరిగేవారు, కూర్చున్నప్పుడు పీట మీద కాళ్లు పెట్టుకునేవారు. ఆదివారం సాయంత్రం డౌట్ క్లాస్ అని ఒకటి పెట్టారు కంపెనీవాళ్లు. చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్లడం ఆగిపోయింది. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, మా గుమ్మంలో మొక్కలు చూస్తున్నట్టు నిలబడేవారు. మా గుమ్మంలో ఉన్నది ఒక కలబంద కుండీ. దాన్ని అంతసేపు చూడాల్సిన పనేమీ లేదు.

తర్వాత ఎడమచెయ్యి నొప్పి మొదలైంది. భుజం నుంచి మోచేతి దాకా లాగేదట. ఎడమచేతి వాటం మనిషి, ఆ చేత్తోనే పలక మీద పొద్దస్తమానం రాస్తారు. పెన్ను నొప్పి అని ఆమె అన్నారు, మేమంతా అదే అనుకున్నాం. అంకుల్ రోజూ బామ్ రాసేవారు. అమ్మ వేడినీళ్ల కాపడం పెట్టేది. కుడిచేతి వాటం మనిషైతే ఎడమచెయ్యి ఎందుకు లాగుతోందని ఎవరమైనా కంగారుపడి ఉండేవాళ్లం. మా టీచర్‌ని మాకంత బాగా తెలుసు కాబట్టే మాకు తెలియలేదు. ఇప్పుడు దాన్ని తల్చుకుంటే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అర్థం కాదు.

కాళ్ల వాపు చూపించుకోవడానికి ఒక ఉదయం నేనే ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కాళ్లు చూసి, చెయ్యి సంగతి విని, పెన్ను కథ కూడా విని, "ఏమైనా సరే, గుండె పరీక్షలు చేయించండి, ఆలస్యం చేయకండి. కొన్నాళ్లు పని ఆపండి" అన్నారు. బయటికొచ్చాక టీచర్ పరీక్షల కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, "పిల్లలకి ఎత్తులు దూరాలు సగంలో ఉంది. ఆ చాప్టర్ అవగానే శనివారం వెళ్దాం" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. రోడ్డు మీదే అరిచాను. "టీచర్, మీరు కాకపోతే ఇంకొకరు చెప్తారు. వాళ్ల యాప్‌లో టీచర్లకు కొదవా?"

"ఇంకొకరు వస్తే మొదటి నుంచి మొదలుపెడతారు, లేదా వాళ్లకిష్టమైన చోట నుంచి మొదలుపెడతారు. సగంలో వదిలిన పిల్ల ఆ సగం దగ్గరే భయపడి ఆగిపోతుందే. నువ్వు ఎనిమిదిలో కామెర్లతో మంచానపడితే మీ ఇంటికొచ్చి కూర్చున్నది ఎవరు? ఇంకొకర్ని పంపించానా?"

ఆమెతో వాదించి గెలిచినవాళ్లు లేరు. కానీ శనివారానికి నా ఫోన్‌లో గుర్తు పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. ఆటో ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుని, "అరిచావు కాబట్టి చెప్తున్నా, నాక్కూడా కొంచెం భయంగానే ఉందమ్మా" అన్నారు. ఆమె నోట భయమన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

ఆ శనివారం రాలేదు. మంగళవారమే అయిపోయింది.

అంకుల్ ఎప్పటిలాగే టీ పెట్టి, సాసర్ మూతేసి తలుపు ముందు కూర్చున్నారు. లోపల మాట వినబడటం లేదు. పిల్లలు లెక్క చేస్తుంటే ఆమె ఊరుకుంటారు కదా అనుకున్నారు. క్లాసు అయ్యే వేళ దాటింది. డౌట్లేమో అనుకున్నారు. టీ చల్లారితే మళ్లీ వేడి చేసి తెచ్చుకున్నారు. డస్టర్ గొళ్లేనికి ఉంది. డస్టర్ ఉండగా ఆ తలుపు ఆయన ఎప్పుడూ తీయలేదు. చివరికి కిందికొచ్చి అమ్మను అడిగారట, "వదినగారూ, ఒకసారి తలుపు తీయొచ్చంటారా?" అని. అమ్మే పైకి పరిగెత్తి తీసింది.

ఆమె కుర్చీలోనే ఉన్నారు. తల వెనక్కి ఆనించి, పెన్ను చేతిలోనే పెట్టుకుని. ముఖం కెమెరా గడిలోనే ఉంది. అందుకే ఎర్రగీత రాలేదు, ఎవరికీ ఏ కబురూ పోలేదు. ఆ యంత్రానికి కావలసిందల్లా గడిలో ఒక ముఖం.

మర్నాడు సమాధుల తోటలో పాస్టర్ అయ్యగారు వాక్యం చదువుతుండగా అంకుల్ చొక్కా జేబులో ఆమె ఫోన్ మోగింది. కన్నీళ్లతో ఆయనకు కళ్లు కనబడటం లేదు, నాకిచ్చారు. 'మీరు ఈరోజు మీ క్లాసుకు హాజరు కాలేదు. ఇది మీ రేటింగ్‌పై ప్రభావం చూపవచ్చు' అని ఉంది. చివర్లో ఒక ఏడుపు బొమ్మ. ఆ ఫోన్‌ను ఆ మట్టిలోనే విసిరేద్దామనిపించింది.

"ఏమంటున్నారమ్మా?" అన్నారు అంకుల్.

"ఏం లేదంకుల్, కంపెనీవాళ్లు."

ఆయన ఆమె ఉన్న పెట్టె వైపు చూస్తూ, "సెలవు చెప్పలేదు కదా మరి" అన్నారు. తప్పు ఆమెదేనన్నట్టు, ఆమె తరఫున తాను నొచ్చుకుంటున్నట్టు అన్నారు. అప్పటిదాకా ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది, అది కూడా చప్పుడు లేకుండా.

ఇంటివాళ్లను ఓదార్చడానికి జరిపే ఆదరణ కూడిక నాడు ఇంటినిండా మనుషులు. పాట మొదలుపెట్టబోతుంటే ఆమె ఫోన్ మళ్లీ మోగింది. ఫోన్ నంబర్ పిల్లలకు ఇవ్వకూడదని కంపెనీ నియమం. మా టీచర్ ఇచ్చేశారు. "డౌట్ ఆకలి లాంటిది, వచ్చినప్పుడే తీరాలి" అనేవారు. నేను వరండాలోకి వెళ్లి ఎత్తాను. జగిత్యాల అవతల ఏదో ఊరి పిల్ల, పదో తరగతి. ఆ పిల్లకు అప్పటికే ఎవరో చెప్పారు. అయినా అడిగింది.

"అక్కా, మా మేడమ్ నిజంగనే సచ్చిపోయిందా?"

అవునన్నాను.

"మేడమ్ లెక్క చెప్పుకుంట చెప్పుకుంట ఆగిందక్కా. మేం నెట్ పోయిందనుకున్నం. మా దగ్గర రోజు గట్లనే అయితది, బొమ్మ ఆడ్నే ఆగిపోతది. మేడమ్ స్టక్ అయిన్రు అని మెసేజ్ పెట్టినం. కొందరు నవ్విన్రు సుత. టైమ్ అయిపోతున్నదని ఒక్కొక్కలు పోయిన్రు. నేను పోలే. మేడమ్‌కు నెట్ వస్తే ఎవ్వలు లేకుంటే బాధైతది గదా అని నా కెమెరా ఆన్ పెట్టి కూసున్న. నా మొహం కనవడాలని."

నేను ఏదో చెప్పాలి. పెద్దదాన్ని, ఆ పిల్ల తప్పేమీ లేదని చెప్పాలి. చెప్పాను, చాలాసార్లు చెప్పాను. వాళ్లు వాళ్ల ఊళ్ల నెట్‌ను నమ్మినట్టే, అంకుల్ గొళ్లేనికి వేలాడే గుడ్డను నమ్మారు, మేము పెన్ను నొప్పిని నమ్మాం. అందరం ఆమె పనికి అడ్డు రాకూడదనే చూసుకున్నాం. నా మాటలు విన్నాక ఆ పిల్ల, "అక్కా, గా లెక్క సగంల ఉన్నది" అంది. ఎత్తులూ దూరాలూ నాకు ఇప్పటికీ అంతంతమాత్రమే. అయినా పుస్తకం పట్టుకుని కూర్చోమని చెప్పి, వరండా గోడకు ఆనుకుని, నాకు వచ్చినంత చెప్పాను. ఎక్కడ తప్పానో తెలియదు. తప్పు చేసినవాడే లెక్క చేసినవాడు అనుకుంటూ చెప్పాను. లోపల పాట మొదలైంది, ఆ పిల్లకు వినబడాలని గొంతు పెంచాను.

నాకు టీచర్ లేరన్నది ఇంకా పూర్తిగా మనసుకు ఎక్కలేదు. మెట్ల మీద అడుగు వినబడితే ఆగి ఆగి వస్తుందేమోనని చెవి పెడతాను. ఆఫీసులో నా కింద పనిచేసే పిల్లల్ని రోజూ "తిన్నారా?" అని అడుగుతున్నాను, వాళ్లు నన్ను వింతగా చూస్తున్నారు. అడిగిన ప్రతిసారీ, ఇంత ప్రేమగా ఒకరు మనల్ని రోజూ అడిగారని, ఆ అడిగిన మనిషి నీళ్లు తాగకుండా కూర్చున్నారని ఒకేసారి గుర్తొస్తాయి.

నిన్న సాయంత్రం అమ్మ పప్పు గిన్నె చేతికిచ్చి, "పైన అంకుల్‌కు ఇచ్చి రా" అని గుసగుసగా చెప్పింది. కూరగాయల బండిని కూడా ఇప్పుడు చెయ్యి ఊపి ఆపుతోంది, పిలవడం లేదు. చెప్పులు మెట్ల కింద విడిచి పైకి వెళ్లాను. చిన్న గది తలుపు మూసి ఉంది. గొళ్లేనికి నీలం దారం అంచుల డస్టర్ వేలాడుతోంది. తలుపు మళ్లీ ఎవరు మూశారో, అది ఎవరు తగిలించారో నేను అడగలేదు. తలుపు ముందు కుర్చీలో అంకుల్ కూర్చుని ఉన్నారు, పక్కన స్టూలు మీద కప్పు, కప్పు మీద సాసర్. నన్ను చూసి లేచారు. నాకు దారి ఇవ్వడానికి కుర్చీని రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా పక్కన పెట్టారు.